గుర్రానికి చోటు

గేటు తీయకముందే ఆగి వాసన చూడమంటాను మేనకోడల్ని. భోగాపురం దాటి సముద్రం వైపు తిరిగాక, సరుగుడు తోటల మధ్య ఉందీ గుర్రాల సాల. ఇప్పుడే వాన వెలిసింది. సెప్టెంబరు ఎండ మళ్లీ చుర్రుమంటోంది, చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఏం వాసనొస్తోందే?"

"గడ్డి, లద్దె. అంతే మావయ్యా."

అంతే రావాలి. కళ్లు మండేలా ఘాటు తగిలితే కింద మూత్రం ఇంకడం లేదన్నమాట, రాత్రంతా గుర్రం పీల్చేది ఆ అమ్మోనియానే. ఇక్కడ గాలి బాగా ఆడుతోంది. లోపలికి నడుస్తాం.

తను కొనబోయేది ఏడేళ్ల మార్వాడీ ఆడగుర్రం. ఆ జాతికి చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. ఫోనులో ఆ ఫొటో చూసుకోని పూట లేదు పిల్లకి. బేరం కుదిరింది, దసరా వెళ్లగానే తోలుకెళ్లమన్నారు. ఇల్లేమో విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర సందులో, పెరడు లేదు. నెలకింతని కట్టి ఎవరి సాలలోనైనా ఉంచాల్సిందే. హైదరాబాదులో ఇలాంటి చోట్లకి కొదవలేదు గానీ మన వైపు అరుదు. దొరికిందే చాలనుకుని ఎక్కడో ఒకచోట కట్టేస్తుందేమోనని నా బెంగ.

సాల చూడముచ్చటగా ఉంది. గోడలకి తెల్లసున్నం, ప్రతి గుర్రానికీ ఓ ఫ్యాను, తలుపుల మీద రంగుల్లో గుర్రాల పేర్లు. చూసుకునే కుర్రాడు కొబ్బరిబొండాలు కొట్టించాడు. పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. నేను నేల చూస్తున్నాను. ఇసుక. గడ్డి ఆ ఇసుక మీదే పరిచేశారు. ఓ తెల్లగుర్రం పెదవులతో చివరి పరకల దాకా ఏరుకుని నేలని నాకుతోంది.

"ఓ బకెట్ నీళ్లు ఇప్పించు బాబూ."

తాజా లద్దెల్లో నేలకి తగలని పైవి తీసి నీళ్లలో వేయమంటాను. మేనకోడలు చున్నీ నడుముకి దోపుకుని చేత్తోనే చిదిపి కలుపుతుంది. పీచు పైకి తేలుతుంది, నీళ్లు పచ్చబారతాయి. కాసేపు కదపకుండా ఉంచి, మెల్లగా వంచుతుంది. అడుగున ఇసుక, నాలుగైదు చెంచాలకి తక్కువుండదు. దాంట్లో నల్లగా మెరిసే రవ్వలు. అల వెనక్కి పోయినప్పుడు మన తీరంలో కనిపించే నల్ల చారల్లో ఉండేవే అవి. గుర్రం కడుపులోంచి వచ్చాయి.

గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయిందేదైనా ముందుకే నడవాలి. ఇసుక బరువుకి పెద్దపేగు అడుగున పేరుకుంటుంది, ఓ రోజు శూల మొదలవుతుంది. ముందుకాలితో నేల గీరుతుంది, తిరిగి తిరిగి డొక్క చూసుకుంటుంది, పడి పొర్లుతుంది. అప్పుడు గంట ఆలస్యమైనా ప్రాణం మీదికొస్తుంది.

"ఇక్కడంతా ఇసకేనండీ, ఏటి సేస్తాం?" అంటాడు కుర్రాడు. తొట్టెలో వేయొచ్చు, కింద రబ్బరు చాప పరవొచ్చు. చెబితే శ్రద్ధగా రాసుకున్నాడు. ఆ మార్పు జరిగేదాకా ఇక్కడ ఉంచడం కుదరదు.

ఊరి చివర పెళ్లిగుర్రాల సాలలో ఎక్కువసేపు ఉండం. మనిషి మాత్రం పనిమంతుడు. జట్కాలు తిరిగిన రోజుల్లో వాళ్ల తాత బండి తోలాడట. ఓ గుర్రం కాలెత్తి చూపిస్తాడు: గిట్ట అంచు నున్నగా, మధ్యలో బురద లేకుండా ఉంది. నాడా కొట్టడం చేతనైనవాళ్లు కరువైన ఈ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఏం పెడుతున్నారని అడిగితే తవుడు, వరిగడ్డి, సాయంత్రం గుప్పెడు ఉలవలు అన్నాడు. ఉలవలు బంగారం, మన మెట్ట పొలాల పంటే. చిక్కంతా తవుడుతో. దాంట్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. దానికి తోడు వరిగడ్డిలోని ఆక్సలేటు ఉన్న కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వదు. లోటు పూడ్చుకోడానికి ఒళ్లు ఎముకల్లోంచి లాగుతుంది. మూలనున్న ముసలి గుర్రం ముక్కుకి రెండు పక్కలా ఎముక ఉబ్బి ఉంది. మేనకోడలి వేళ్లు పట్టి అక్కడ తడిమిస్తాను. గట్టిగా, కణితిలా తగులుతుంది. వరి పండే చోట తవుడు చవక, ఆవు తింటోంది కదా గుర్రానికేం అనుకుంటారు. ఆవు కడుపు వేరు, గుర్రం కడుపు వేరు.

"కొత్త గుర్రం వస్తే ఎక్కడ కడతారు?"

"ఈటి పక్కనేనండి."

ముహూర్తాల రోజుల్లో ఊరూరి గుర్రాలతో కలిసి తిరిగొచ్చేవాటి పక్కన, పరీక్షలేమీ లేకుండా! గ్లాండర్స్ అనే జబ్బుంది. గుర్రాల నుంచి మనుషులకీ సోకుతుంది, టీకా లేదు. రక్తం పరీక్షకి హర్యానాలోని హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. ఆ కాగితం చూపించనిదే గుర్రాన్ని లోపలికి రానివ్వని సాల కావాలి మనకి. దండం పెట్టి బయటికొస్తాం.

నెల్లిమర్ల మీదుగా చీపురుపల్లి రోడ్డు. చెరువుల్లో గోగుకట్టలు నానుతున్నాయి, ఆ కంపు చాలా దూరం వెంటాడుతుంది. గరివిడి దగ్గరపడేసరికి నేల ఎర్రబడుతుంది. అక్కడ పశువైద్య కళాశాల ఉంది కాబట్టే ఈ వైపు చూద్దామన్నాను. మామిడితోట మధ్య తాటాకు కప్పిన సాల. ఫ్యాన్లు లేవు, పేర్ల బోర్డులు లేవు. మేనకోడలి ముఖం కాస్త వాడింది.

"రేకులు వేయలేదేం?" అంటాను పెద్దాయనతో.

"ఏసినాం బాబూ. హుద్‌హుద్‌కి ఎగిరిపోనాయి. ముందురోజే గుర్రాల్ని సెట్లు లేని బయలులోకి ఒగ్గీసినాం. ఈ రేకుల కింద కట్టీసుంటే కోసీసును."

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. అక్టోబరు వస్తోందంటే మన తీరంలో ఏ సాలవాణ్నయినా మొదట అడగాల్సింది ఇదే. ఈయన నేనడగకుండానే ఆ బయలు చూపిస్తాడు, తాళ్లు కోయడానికి చూరులో దోపిన కత్తి కూడా.

మధ్యాహ్నం రెండు. చెట్టు కింద ఓ నల్లగుర్రం. జూలు కింద చెయ్యి పెట్టి చూడమంటాను. "తడిగా ఉంది!" ఉండాలి. మన కోస్తా ఉక్కలో కొన్ని గుర్రాలకి చెమట పట్టడమే ఆగిపోతుంది. ఒళ్లు పొడిగా, ఊపిరి ఎగశ్వాసగా ఉంటే ప్రమాదం. కదలకుండా నిలబడ్డ గుర్రానికి నిమిషానికి ఎనిమిది నుంచి పదహారు శ్వాసలు మామూలు. వాచీ పట్టుకుని డొక్క కదలిక లెక్కపెడుతుంది. పద్నాలుగు.

పెద్దాయన గోడకి వేలాడదీసిన నోటుబుక్కు తీసి ఇస్తాడు. రోజుకో వరస, గుర్రానికో గడి, ఫారెన్‌హీట్‌లో జ్వరం లెక్క: 99.8, 100.2, 100. ఓ చోట 103, దాని చుట్టూ ఎర్ర గీత. జోరీగల వల్ల వచ్చే సర్రా అని అనుమానపడి ఆ రోజే రక్తం పరీక్షకి పంపారట. సాయంత్రం పూట వేపాకు పొగ వేస్తారు. గడ్డి తొట్టెల్లోనే. రాత్రి ఎవరుంటారంటే, సాల చివర నులకమంచం చూపించాడు. మూడడుగుల అవతల గుర్రం పొర్లితే నిద్రపట్టే దూరం కాదది.

మేనకోడలు తనే మాటల్లోకి దిగింది. నెలకెంత, దాంట్లో దాణా ఉందా, నాడాల ఖర్చెవరిది, నా ఫోను కలవకపోతే డాక్టర్ని పిలిపిస్తారా. పిలిపిస్తానని, అయితే ముందే కాగితం మీద రాసిచ్చి సంతకం పెట్టాలని ఆయన పట్టుపట్టాడు. ఆ పట్టుదల నాకు నచ్చింది. తర్వాత ఆయన అడగడం మొదలెట్టాడు.

"ధనుర్వాతం సూదేసి ఎన్నాళ్లయిందమ్మా? హిసార్ కాగితం ఉందా? నెల రోజులు ఆ సివర పాకలో ఇడిగా ఉంచుతాను, సరేనా? ఇప్పుడక్కడేటి తింటంది?"

"గడ్డి... ఇంకా శనగలనుకుంటా," అంటుంది పిల్ల.

"అనుకుంటే అవదమ్మా. ఒక్కరోజులో మేత మార్చీకూడదు, కడుపు పట్టీసి శూలొచ్చీగలదు. పది రోజులకి సరిపడా ఆళ్ల దాణాయే తెచ్చీ. రోజుకింత తగ్గించుకుంటూ మనది అలవాటు సేస్తాను."

మేనకోడలు మామిడిచెట్టు అవతలికి నడిచి అమ్మేవాళ్లకి ఫోను కలుపుతుంది. ఉదయం ఎన్ని కిలోలు, సాయంత్రం ఎన్ని, నానబెట్టి పెడతారా పొడిగానా, ఒక్కొక్కటే అడిగి అరచేతి మీద పెన్నుతో రాసుకుంటోంది.