వైద్యుడు నాటిన ద్రాక్షతోట

క్రిస్టఫర్ రాసన్ పెన్‌ఫోల్డ్ 1811లో ఇంగ్లండు దేశమున ససెక్స్ మండలములో ఒక క్రైస్తవ మతాచార్యుని యింట జన్మించెను. లండనులోని సెయింట్ బార్తొలొమ్యూ వైద్యశాలలో విద్య నభ్యసించి, 1838లో పట్టము పొంది, బ్రైటన్ పట్టణమున వైద్యవృత్తి నవలంబించెను. 1844లో భార్య మేరీతోను, కుమార్తెతోను ఓడ నెక్కి దక్షిణ ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్ చేరెను. ఆ వలసరాజ్యము స్థాపింపబడి అప్పటికి ఎనిమిదేండ్లు మాత్రమే గడచినవి.

నగరమునకు తూర్పున, కొండల పాదమున, మగిల్ అనుచోట 500 ఎకరముల భూమిని కొని, ఆ దంపతులు చిన్న యిల్లొకటి కట్టుకొనిరి. ఇంగ్లండులో మేరీ పుట్టినింటి పేరగు ‘గ్రేంజ్’ అనుదానినే దానికి పెట్టిరి. ఐరోపానుండి తెచ్చిన ద్రాక్షతీగెలను ఇంటిచుట్టును నాటిరి.

వ్యాపారము వారి తొలి యుద్దేశము కాదు. రక్తహీనులగు రోగులకు ద్రాక్షాసవము బలమిచ్చునని ఆనాటి వైద్యుల నమ్మకము. నేటి వైద్యము దీని నంగీకరింపదు. ఆనాడు మాత్రము ఆ తోట వైద్యునకు మందుల కొట్టువంటిదే. అదే కాలమున న్యూ సౌత్ వేల్స్‌లో హెన్రీ లిండెమన్ అను మరియొక ఆంగ్ల వైద్యుడును ద్రాక్షతోట వేసి ప్రసిద్ధి కెక్కెను.

అయితే వైద్యునకు రోగులను చూచుటతోనే ప్రొద్దు చాలెడిది కాదు. సేద్యపు పనులను, తోటను, ఆసవము తయారుచేయుటను చూచుకొన్నది మేరీయే. గిరాకి పెరిగినకొలది మందుగా మొదలైనది పరిశ్రమగా మారెను. 1870లో పెన్‌ఫోల్డ్ మరణించునాటికి తోట 60 ఎకరములకు మించి విస్తరించియుండెను.

భర్త పోయిన పిమ్మట మేరీ తోటను విడువలేదు. విక్టోరియా ప్రభుత్వోద్యోగియగు అల్లుడు టామస్ హైలండ్‌తోను, నేలమాళిగల పనిలో ఆరితేరిన జోసెఫ్ గిలార్డ్‌తోను భాగస్వామ్యమున వ్యాపారమును నడపెను. వేర్వేరు ద్రాక్షల రసములను రుచి చూచి, ఏ పాళ్లలో కలుపవలెనో తానే నిర్ణయించెడిది. 1884లో విశ్రాంతి గైకొని, 1895లో కన్నుమూసెను.

1951లో ఆ సంస్థయందలి మాక్స్ షూబర్ట్ చిరకాలము నిలువచేయదగిన ఎఱ్ఱని ఆసవమొకదానిని ప్రయోగముగా తయారుచేసెను. తొలుత దానిని రుచి చూచినవారు మెచ్చలేదు. 1957లో తయారీ నిలిపివేయుమని యజమానులు ఆజ్ఞాపించిరి. ఆయన రహస్యముగా కొనసాగించెను. 1960లో యజమానులే మరల అనుమతినిచ్చిరి. కాలక్రమమున అదియే ఆస్ట్రేలియా ద్రాక్షాసవములలో మిక్కిలి పేరుగాంచినదయ్యెను.

ఆ సీసాపై సంస్థ పేరుగా నున్నది వైద్యునిది. ఆసవమునకు పెట్టిన పేరు మాత్రము గ్రేంజ్. మేరీ తన పుట్టినింటినుండి ఏడు సముద్రములు దాటించి తెచ్చుకొన్నది.