నేలమీది విమానము

హార్మోనియంలో తిత్తి గాలిని నింపుకొని స్వరములను పలికించుట మన విద్యార్థులు ఎరిగినదే. దాదాపు ఇట్టి తిత్తులే ఒకనాడు విమానచోదకులకు గురువులైనవి.

అమెరికాలోని బింగ్‌హాంటన్ పట్టణంలో ఎడ్విన్ లింక్ తండ్రికి పియానోలు, ఆర్గన్ వాద్యములు చేసే కర్మాగారం ఉండేది. విమానం నడుపుట నేర్చుకొనడానికి ఖర్చు ఎక్కువ. అందుచేత లింక్ 1929లో నేలమీదనే ఆ విద్య నేర్పే యంత్రాన్ని నిర్మించాడు. చోదకుడు చేతికర్రను కదిపితే గాలితిత్తులు ఉబ్బుతూ, ముడుచుకుంటూ ఆ చిన్న బొమ్మ విమానాన్ని ఒరిగించేవి. మొదట దానిని వినోదశాలలవారే ఎక్కువగా కొన్నారు. 1934లో అమెరికా సైన్యం తపాలా విమానాలను నడిపినప్పుడు చీకటిలోను, చెడు వాతావరణంలోను పలువురు చోదకులు మరణించారు. అప్పుడు సైన్యం ఆరు యంత్రాలు కొన్నది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేసరికి పదివేలకు పైగా తయారైనవి.

తరువాత తిత్తుల స్థానాన్ని గణితం ఆక్రమించింది. విమానం స్థిరంగా ఎగురుటకు సంబంధించిన సమీకరణములను జి. హెచ్. బ్రయన్ 1911లోనే గ్రంథస్థం చేశాడు. అట్టి లెక్కలను క్షణక్షణమూ చేయగల కంప్యూటరు ఇంటికి రావటానికి చాలకాలం పట్టినది. బ్రూస్ ఆర్ట్‌విక్ మొదట ఆపిల్ కంప్యూటరుకు రచించిన ప్రోగ్రామును పెంపొందించి, 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఐ.బి.ఎం. కంప్యూటరుకు విడుదల చేసినది. అందులో నడిపేది సెస్నా 182 అనే తేలిక విమానం. 1995లో వచ్చిన ఎక్స్-ప్లేన్ రెక్కను చిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్కదానిమీద గాలి కలిగించే బలాన్ని లెక్కగట్టినది.

నేడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు విద్యార్థి ఇంట కూర్చొనియే తెరమీద జూరాల జలాశయంపై నుండి నల్లమల కొండలవైపు ఎగురవచ్చును. ఉపగ్రహ చిత్రాల మూలంగా కన్నుకు అంతా నిజమే. మరి చేతికో?

తేలిక విమానంలో చేతికర్ర నుండి తోకపలకలకు సాధారణంగా తీగలద్వారా నేరుగా సంబంధం ఉంటుంది. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది, కర్ర బిగుస్తుంది. వేగం బాగా తగ్గితే కర్ర వదులవుతుంది. రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి సమీపిస్తున్నదని ఆ వదులే చోదకుని హెచ్చరిస్తుంది. ఇంటిలోని సాధారణ జాయ్‌స్టిక్‌కు ఉన్నది స్ప్రింగు మాత్రమే. దానికి వేగంతో నిమిత్తం లేదు. ఆ హెచ్చరిక చేతికి అందదు. లెక్క ఎంత సరియైనదైనా ఈ లోటు తీరదు. ముళ్ళు చదువుట, పనుల వరుస నేర్చుట మాత్రం ఇంటివద్ద చక్కగా సాగుతుంది.

ఉపాధ్యాయులు దీనిని ఆటస్థలంలోనే చూపవచ్చును. విద్యార్థి ఒక వెడల్పాటి అట్టను ఎదురుగా పట్టుకొని ముందు మెల్లగా, పిదప వేగంగా పరుగెత్తవలెను. రెండు పరుగులకూ గల భేదమును అతని చేతులే చెప్పును.