ఎవరి గాలివానకో నేర్చుకున్న జాగ్రత్తలు

అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చాలు, కవిటిలోనైనా వజ్రపుకొత్తూరులోనైనా జనం చెవిన పడే మొదటి కబురు కళింగపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని. కళింగపట్నంలో సరుకు ఓడలు ఆగడం మానేసి దశాబ్దాలు దాటింది. అయినా నంబరు వస్తూనే ఉంది. అది ఎవరికి చెబుతున్నారో అడిగినవాళ్లు తక్కువ. జవాబు కోసం 1864కి వెళ్లాలి. ఆ ఏడాది అక్టోబరు 5న కలకత్తాను ముంచెత్తిన తుపానులో సుమారు 60 వేల మంది పోయారు. హుగ్లీలో లంగరు వేసిన ఓడలు తాళ్లు తెంచుకుని ఒకదానిమీద ఒకటి పడ్డాయి. నెల తిరక్కుండానే, నవంబరు 1న, మచిలీపట్నంలోకి సముద్రం చొచ్చుకొచ్చి దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది, 1865లో, కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికలిచ్చే ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. మచిలీపట్నం శవాలకంటే హుగ్లీ ఓడల నష్టమే ఆ పనిని తొందరపెట్టిందని నా అనుమానం. ఎందుకంటే పుట్టిన ఏర్పాటంతా ఓడ నడిపేవాడి కోసమే. పగలైతే స్తంభం మీద శంకువులు, స్తూపాల ఆకారంలో గుర్తులు. రాత్రయితే ఎరుపు, తెలుపు దీపాలు. ఒకటి నుంచి పదకొండు వరకు ఉన్న ఆ అంకెలు తుపాను ఎంత దూరాన ఉందో, రేవుకు ఏ పక్కగా తీరం దాటుతుందో చెబుతాయి. పదకొండోది హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. ఇంటి కప్పు గురించి, కొట్టంలో పశువు గురించి అందులో ఒక్క ముక్క ఉండదు.

మన జాగ్రత్తల్లో రెండో పొర దివిసీమ ఇచ్చింది. 1977 నవంబరు 19న అక్కడ అయిదు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన పది వేల మందిని తీసుకుపోయింది. విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం అప్పటికి మూడేళ్ల ముందే, 1974లో వచ్చింది. లేనిదల్లా ఆ హెచ్చరిక లంకల్లో గుడిసెదాకా చేరే దారి, చేరినా మనిషి ఎక్కి నిలబడడానికి గట్టి కట్టడం. ఆ దెబ్బ తర్వాతే తీరం పొడవునా తుపాను షెల్టర్లు లేచాయి, ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు ఊళ్లకు అందే ఏర్పాటు వచ్చింది, లోతట్టు ఊళ్లను ముందే ఖాళీ చేయించడం అధికారులకు అలవాటైంది. ఫలితం 1990 మే నెలలోనే కనిపించింది. అదే కృష్ణా డెల్టా మీద పెను తుపాను వచ్చినా లక్షలాది మందిని తరలించడంతో మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ నాటికి ఒడిశా దాదాపు పది లక్షల మందిని కదిలించింది. మరణాలు పదుల దగ్గరే ఆగాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇన్ని ప్రాణాలు నిలబెట్టిన ప్రభుత్వపు పని మన దగ్గర మరొకటి వెతికినా దొరకదు.

అయితే ఈ రెండు పొరలూ ఉద్దానం ఇంటికి సగమే సరిపోతాయన్నది నా వాదం. మొదటిది ఓడ కోసం, రెండోది నీళ్లలో మునిగే డెల్టా కోసం పుట్టినవి. ఇచ్ఛాపురం నుంచి కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస మీదుగా వజ్రపుకొత్తూరు దాకా ఉన్న ఈ ఉద్దానం నేల డెల్టా కాదు. ఒక పక్క ఇసుక దిబ్బలు, మరో పక్క 1,501 మీటర్ల మహేంద్రగిరి, మధ్యలో ఇల్లెక్కడ అయిపోయిందో తోటెక్కడ మొదలైందో తెలియని కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీకి వాతావరణ శాఖ అంచనా వేసిన ఉప్పెన ఒక మీటరు. గాలి మాత్రం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసుర్లలో 165. డెల్టాలో నీళ్లు చేసిన పని ఇక్కడ గాలి చేసింది. అది మనుషుల మీద కాదు, చెట్ల మీద పడింది. ప్రాణనష్టం ఆ గాలి తీవ్రతకు తక్కువేనని చెప్పుకోవచ్చు. ఆ పూట తెల్లారేసరికి మాత్రం తాత నాటిన తోట మనవడి కళ్లముందు నేలకొరిగింది. షెల్టరు నుంచి ప్రాణాలతో ఇంటికొచ్చిన కుటుంబానికి మిగిలింది గోడలు. ఇల్లు గడిపే ఆదాయం పడిపోయి ఉంది. దివిసీమ నేర్పిన పాఠాన్ని అక్షరాలా పాటించినా ఈ నష్టంలో ఒక్క రూపాయి తగ్గేది కాదు.

ప్రాణం కంటే చెట్టు ఎక్కువా అని అడిగేవాళ్లుంటారు. కాదు. ప్రాణం కాపాడే పద్ధతి నిలదొక్కుకుంది కాబట్టే తర్వాతి ప్రశ్న అడిగే వీలు దొరికింది. పైగా ఈ రెండూ వేర్వేరు కావు. తరలింపు వాహనం వచ్చినప్పుడు కదలనని మొండికేసే ముసలాయన పిరికివాడూ కాదు, మూర్ఖుడూ కాదు. వదిలి వెళ్లేది ఎంతో ఆయనకు తెలుసు. మరో అభ్యంతరం ఇంతకంటే బలమైనది: ఎకరాల తోటను ఎవడు కట్టేస్తాడు, గాలికి అడ్డం ఎవడు నిలుస్తాడు? నిజమే, ఆ రాత్రికి చేయగలిగింది కొంచెమే. కానీ సున్నా కాదు. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. కాబట్టి చెట్టు తలమీద బరువు, గాలికి దొరికే వైశాల్యం ఎంత తగ్గిస్తే అంత మేలు. హెచ్చరికకూ తుపానుకూ మధ్య దొరికే రెండు మూడు రోజుల్లో ముదిరిన కాయలు దించడం, ఎండు మట్టలు కొట్టేయడం కొబ్బరి శాస్త్రవేత్తలు చెప్పే పనే. కాయలు ఎలాగూ చేతికొస్తాయి, గాల్లో అవి ఫిరంగి గుళ్లలా ఎగిరి పెంకుల్నీ రేకుల్నీ పగలగొట్టకుండా ఉంటాయి. జీడి సంగతి వేరు. దాని గుబురు పక్కలకు పరుచుకుంటుంది కాబట్టి కొబ్బరిలా వంగి గాలిని తప్పించుకోలేదు. కొమ్మలు చీలతాయి, లేదా చెట్టు వేళ్లతో లేస్తుంది. అక్కడ జాగ్రత్త అక్టోబరులో కాదు, కాపు అయ్యాక చేసే కొమ్మ కత్తిరింపులో ఉంది.

ఇంటి కప్పు చరిత్ర కూడా ఇదే మాట చెబుతుంది. పూరిల్లు గాలికి తేలిగ్గా పోయేది, కానీ మీద పడితే మనిషి బతికేవాడు, మళ్లీ కప్పుకోవడానికి సామాను పెరట్లోనే ఉండేది. స్లాబు వచ్చాక మనుషులకు భయం తీరింది. ఈ రెంటికీ మధ్య మిగిలింది రేకుల కప్పు. అది పశువుల కొట్టానికీ, జీడి బట్టీ షెడ్డుకీ, అప్పుడప్పుడు వంటింటికీ ఉంటుంది. గాలివానలో అన్నిటికంటే ప్రమాదకరమైంది అదే. గాలి వచ్చే వైపు తలుపు ఊడితే లోపల ఒత్తిడి పెరిగి కప్పును కిందనుంచి ఎత్తుతుంది, పైనుంచి పోయే గాలి అదే సమయంలో దాన్ని పైకి లాగుతుంది. అందుకే బరువుగా ఇసుక బస్తాలు పడేయడంకంటే రేకును దూలానికి, దూలాన్ని గోడకు బోల్టులతో బిగించడం ముఖ్యం; అంచుల్లో, మూలల్లో బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. కట్టడాల మీద గాలి భారాన్ని లెక్కించే భారత ప్రమాణం తూర్పు తీరానికి సెకనుకు 50 మీటర్ల గాలిని, అంటే గంటకు 180 కిలోమీటర్లను, లెక్కలోకి తీసుకోమంటుంది. తిత్లీ విసురు దానికి లోపలే. ప్రమాణం ప్రకారం బిగించిన కప్పు నిలవాల్సిన గాలి అది. పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కల బస్తాలు నిల్వ ఉండే గోదాములకూ ఇదే లెక్క. కప్పు లేచిపోతే తడిసేది యజమాని సరుకే అయినా, మూతపడ్డ రోజుల కూలి పోయేది పిక్కలు కొట్టే ఆడవాళ్లకు.

ఎంత చేసినా కొన్ని చెట్లు పడతాయి. అప్పుడు తయారీ అంటే కాగితం. కొబ్బరి అభివృద్ధి బోర్డు దశాబ్దంన్నర కింద తెచ్చిన కొబ్బరి చెట్టు బీమాలో నాలుగేళ్ల నుంచి అరవై ఏళ్ల లోపు చెట్లకు చోటుంది. ప్రీమియంలో సగం బోర్డు, పావు రాష్ట్రం భరిస్తే రైతు కట్టాల్సింది మిగిలిన పావే. బీమా లేనివాళ్లకు దిక్కు ప్రభుత్వ పరిహారం. తిత్లీ తర్వాత కొబ్బరి చెట్టుకు 1,500 రూపాయలుగా ఉన్నదాన్ని 2019లో 3,000కు, జీడికి హెక్టారుకు 30 వేలుగా ఉన్నదాన్ని 50 వేలకు పెంచారు. ఆరేడేళ్లు సాకితేగానీ కాపుకు రాని పొడవు రకం కొబ్బరికి అది చెట్టు విలువా అంటే కాదనే చెప్పాలి. కానీ ఆ మాత్రానికైనా పడ్డ చెట్లను లెక్క రాయించుకోవాలి, తోట ఎవరి పేర ఉందో చూపించాలి. కొబ్బరితోటలో పాలివాడు, కౌలుదారు, పాస్‌బుక్కు తాత పేరు మీదే ఉండిపోయిన కుటుంబం ఇక్కడే నష్టపోతాయి. చెట్ల లెక్క, ఫొటోలు, పాస్‌బుక్కు నకలు సెప్టెంబరులోనే పోగేసి ప్లాస్టిక్ సంచీలో పెట్టుకోవడం టార్చిలైటు కొనడమంత ముఖ్యమైన పని. ఫైలిన్ అక్టోబరు 12న, మరుసటి ఏడాది విశాఖను చీల్చిన హుద్‌హుద్ కూడా అక్టోబరు 12న, తిత్లీ అక్టోబరు 11న వచ్చాయి. 2021లో గులాబ్ మాత్రం సెప్టెంబరు 26కే వచ్చి, సంతబొమ్మాళి వైపు తీరం దాటింది. దసరా సరుకులతోపాటు ఈ పని కూడా ఆ వారాల్లోనే పెట్టుకోవచ్చు.

ఉద్దానానికే ప్రత్యేకమైన మరో లెక్క ఉంది, దాన్ని దివిసీమా కలకత్తా నేర్పలేవు. మూత్రపిండాల జబ్బు ఇక్కడ ఇంటింటి సమస్య. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు చేయాలి. ఒక్కో విడతకు నాలుగు గంటల కరెంటు, శుద్ధిచేసిన నీళ్లు, ఆస్పత్రిదాకా దారి కావాలి. తిత్లీ ఈ మూడింటినీ ఒకేసారి తెంపింది: స్తంభాలు కూలి చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు లేక నీళ్లు లేవు, దారికి అడ్డంగా చెట్లు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాక పరిస్థితి మెరుగైంది నిజమే, కానీ గొట్టాల్లో నీళ్లు కూడా పంపు తిరిగితేనే కదులుతాయి. వారం సరిపడా తాగునీరు నిల్వ, మందులు, చివరి రిపోర్టు దగ్గర పెట్టుకోవడం ఇంటివాళ్ల పని. తుపాను దాటాల్సిన రోజుకు ముందే ఒక విడత డయాలసిస్ పూర్తిచేయించి, జెనరేటరు ఉన్న పలాస, సోంపేట, టెక్కలి ఆస్పత్రుల దగ్గరే రోగిని ఉంచడం అధికారుల పని. నెలలు నిండిన గర్భిణులను తుపానుకు ముందే ఆస్పత్రికి చేర్చడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. ఆ జాబితా రాసే ఆశా కార్యకర్తకు తన ఊళ్లో ఎవరికి ఏ రోజు డయాలసిస్ ఉందో కూడా తెలుసు.