మమ్ముల అడిగిండ్రా?

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్రలోంచి ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. ఎలగందుల కోట గురించి, వేములవాడ గురించి నాకన్నా బాగా రాయగలిగిన మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నా సర్వీసంతా అర్జీల మధ్యనే గడిచింది గనుక అర్జీల చరిత్రే రాస్తున్నాను. అడవి, నీరు, గాలి గురించి పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల జనం సర్కారుకు విన్నవించుకున్న కథ ఇది.

ఈ కథలో మొదటి అర్జీదారు కొమురం భీం. ఆయనను తుపాకీతో ఉన్న బొమ్మలో చూడటానికే మనం అలవాటు పడ్డాం. తుపాకీకి ముందు దరఖాస్తు ఉన్నదన్న సంగతి మరచిపోతాం. నిజాం జమానాలో జంగ్లాత్ వారు ఆసిఫాబాద్ గుట్టల్లో రిజర్వు హద్దులు గీశారు. గీత లోపల పడిన సాగు నేరమైపోయింది. పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే జుర్మానా. బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ ఉన్న పన్నెండు ఊళ్ల గోండులు, కోలాములు తమ సాగుకు అనుమతి కోరారు. వినే నాథుడు లేకపోయాడు. 1940లో జోడేఘాట్ గుట్టమీద భీం, ఆయన సహచరులు పోలీసు కాల్పుల్లో మరణించారు.

అసలు వీళ్ల బాధ ఏమిటని అడగాలన్న బుద్ధి సర్కారుకు ఆ తర్వాతనే పుట్టింది. ఆ పని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల మధ్యనే గుడిసె వేసుకొని ఉన్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. ఆయన నివేదికల ఫలితంగానే వేలమంది ఆదివాసులకు పట్టాలు వచ్చాయి. గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ 1356 ఫస్లీలో, అంటే 1946లో వచ్చింది. మన పాత మిసిళ్లలో ఫస్లీ లెక్కలు చూసినవారికి ఇది గుర్తుండే ఉంటుంది. దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి. గ్రామస్థులు ఈనాటికీ వారిని తలచుకుంటారు.

ముందుగా అడగాలి అన్న మాట చట్టంలోకి ఎక్కడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. నీటి కాలుష్య చట్టం 1974లో, గాలి కాలుష్య చట్టం 1981లో, పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చాయి. అవన్నీ సర్కారుకు అధికారం ఇచ్చాయి గాని ఊరివాడికి మాట్లాడే చోటు ఇవ్వలేదు. భోపాల్ దుర్ఘటన జరిగిన పన్నెండేళ్లకు పైబడ్డాక, 1997 ఏప్రిల్‌లో, పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి చేశారు. 2006 నోటిఫికేషన్ దానికి ఒక పద్ధతి పెట్టింది. ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో పంచాయతీలో ఉంచాలి. కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గాని అధ్యక్షత వహించాలి. అంతా వీడియో తీయాలి. చివర మినిట్స్‌ను జనం ముందు వారి భాషలో చదివి వినిపించాలి.

ఈ చివరి నిబంధన చదివినప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది. 2006కు ముందు ఒక ప్రాజెక్టు మీద జరిగిన సభలో మినిట్స్ రాసినవాణ్ణి నేనే. పేరు, ఊరు ఇప్పుడెందుకు లెండి. షామియానా కింద ముందు వరుసలన్నీ కుర్చీలు, వెనుక నేలమీద జనం. ఒక ముసలి రైతు మైకు పట్టుకొని చాలాసేపు మాట్లాడాడు. తన బావి లోతు ఎన్ని గజాలో, ఏ నెలలో ఎంత నీరుంటుందో, కింద ఎన్ని గుంటలు పారుతుందో అన్నీ లెక్క చెప్పాడు. దిగివస్తూ నా బల్ల దగ్గర ఆగాడు.

"సారూ, నేను జెప్పింది రాసినవా?"

"రాసిన పెద్దాయనా" అన్నాను.

నేను రాసింది ఒక్క వాక్యం: 'భూగర్భ జలాలపై ప్రభావం గురించి కొందరు ప్రస్తావించారు.' ఎవరూ నన్ను అలా రాయమనలేదు. ఆఫీసు భాష నా చేతికి అలవాటైపోయింది, అంతే. ఆనాడే చదివి వినిపించాల్సి ఉంటే ఆయన ఊరుకునేవాడు కాదు.

ఈ సభలతో ప్రాజెక్టులు ఆగిపోయాయా అంటే, చాలావరకు ఆగలేదు. సభ నిర్ణయం చేయదు, అభిప్రాయం పంపుతుంది. గోదావరి తీరాన ఓపెన్‌కాస్టు గనులకు ఇటువంటి సభలు ఎన్నో జరిగాయి. పేలుళ్లకు ఇండ్లు బీటలు వారుతున్నాయని, బావులు ఎండుతున్నాయని జనం చెబుతూనే వచ్చారు. బొగ్గు మాకు అన్నం పెట్టిందని సింగరేణి మిత్రులంటే నేను కాదనను. ఆ మాటా నిజమే, ఈ మాటా నిజమే.

అయితే ఆ కొద్దిపాటి సభ కూడా లేకపోతే ఏమవుతుందో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో చూశాం. పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసమే పెట్టే డిస్టిలరీలకు కేంద్రం 2021లో నిబంధనలు సడలించి, ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా చేసింది. దిలావర్‌పూర్, గుండంపల్లి మధ్య కర్మాగారం పనులు సాగుతుంటే రైతులు నెలల తరబడి అర్జీలిచ్చారు, దీక్షలు చేశారు. 2024 నవంబరు 26న నిర్మల్–భైంసా రోడ్డు మీద బైఠాయించారు. ఆర్డీవో గారి వాహనాన్ని గంటలకొద్దీ కదలనివ్వలేదు. ఉద్యోగిగా పనిచేసినవాణ్ణి గనుక ఆ అధికారిణిని తలచుకుంటే జాలి వేసింది. సడలింపు ఇచ్చింది ఆమె కాదు, ఎదురుగా దొరికింది మాత్రం ఆమె. మర్నాడు పనులు నిలిపివేస్తున్నట్లు కలెక్టరు ప్రకటించాకనే జనం శాంతించారు. ముప్పై రోజుల నోటీసు, ఒక షామియానా, ఒక మైకు ముందే ఉండి ఉంటే మాట రోడ్డు దాకా వచ్చేదేనా?

మరో ఉదంతంతో ముగిస్తాను. 2025 మే 30న ప్రభుత్వం 49వ నంబరు జీవో ఇచ్చింది. కవ్వాల్, తాడోబా అడవుల మధ్య పులులు తిరిగే దారిని కాపాడటానికి ఆసిఫాబాద్ జిల్లాలో ఒక కన్జర్వేషన్ రిజర్వును ప్రకటించింది. పులి బతకాలనే నేనూ కోరుకుంటాను. కాని వన్యప్రాణి చట్టం 36-ఎ సెక్షన్ ప్రకారం ఇటువంటి రిజర్వుకు ముందు స్థానిక ప్రజలను సంప్రదించాలి. మమ్ముల ఎవరూ అడగలేదని ఆదివాసులు ఆందోళనకు దిగారు. జూలై 21న బంద్ జరిగింది. అదే రోజు ప్రభుత్వం జీవోను నిలుపుదల చేసింది.

ఆ రిజర్వుకు పెట్టిన పేరు కుమ్రం భీం.