తన పిల్లలకు అందని చట్టం

ఆలుమగలు విడిపోతే చంటిపిల్లలు తల్లి దగ్గరే కదా ఉంటారు అనుకుంటాం మనం. 1839కి ముందు ఇంగ్లండులో అలా కాదు. పిల్లలు పూర్తిగా తండ్రి సొత్తు. తల్లి ఏ తప్పూ చేయకపోయినా సరే, పిల్లల్ని చూడనివ్వకుండా చేసే హక్కు తండ్రికి ఉండేది. ఆ చట్టాన్ని కదిలించిన తల్లి పేరు కరోలిన్ నార్టన్. కవితలు, నవలలు రాసిన మనిషి.

ఆవిడ 1808లో పుట్టింది. నాటక రచయిత షెరిడన్‌కి మనవరాలు. 1827లో జార్జ్ నార్టన్ అనే లాయరుతో పెళ్లయింది. అతను కొట్టేవాడు. ఆవిడ రాతల మీద వచ్చే డబ్బు మాత్రం ఇంటికి కావాలి. ముగ్గురు మగపిల్లలు పుట్టారు: ఫ్లెచర్, బ్రిన్స్లీ, విలియం.

1836లో ఆవిడ ఇంట్లో లేనప్పుడు జార్జ్ పిల్లల్ని వేరేచోటికి పంపేశాడు. అంతటితో ఆగక, భార్యకు ప్రధానమంత్రి మెల్‌బోర్న్‌తో సంబంధం ఉందని ఆయన మీద 10,000 పౌన్లకు దావా వేశాడు. నింద పడింది ఆవిడ మీద. కానీ కోర్టులో నోరు విప్పి నేను అలాంటిదాన్ని కాదని చెప్పుకునే వీలు ఆవిడకి లేదు. జ్యూరీ లేచి లోపలికి వెళ్లకుండానే కేసు కొట్టేసింది. అయినా పిల్లలు తిరిగి రాలేదు.

అప్పుడు కలం పట్టింది. తల్లుల తరఫున కరపత్రాలు రాసి పార్లమెంటు సభ్యులకు అందేలా చూసింది. 1839లో చట్టం వచ్చింది. ఏడేళ్ల లోపు పిల్లల్ని తనకి అప్పగించమని తల్లి కోర్టుని అడగొచ్చు. పెద్ద పిల్లల్ని చూడ్డానికి అనుమతి అడగొచ్చు. వ్యభిచారం రుజువైన తల్లికి మాత్రం ఇవేవీ లేవు.

కానీ జార్జ్ పిల్లల్ని స్కాట్లాండులో ఉంచాడు. ఆ చట్టం అక్కడ చెల్లదు. 1842లో చిన్నవాడు విలియం గుర్రం మీంచి పడ్డాడు. కబురందుకుని తల్లి వెళ్లేసరికి ప్రాణం పోయింది. ఆ తర్వాతే మిగతా ఇద్దర్నీ తల్లి దగ్గరికి పంపడానికి జార్జ్ ఒప్పుకున్నాడు.

నాకు గుండె పట్టేసింది ఇక్కడే. ఎవరికోసం పోరాడిందో వాళ్లకే అందలేదు. ఎక్కడో ముక్కూమొహం తెలియని తల్లులకి అందింది.

ఆవిడ రాసి సంపాదించిన డబ్బు కూడా చట్టం ప్రకారం మొగుడిదే. దానిమీదా ఊరుకోలేదు. 1855లో ఏకంగా రాణికే బహిరంగ లేఖ రాసింది. 1857 విడాకుల చట్టం వచ్చాక, భర్త వదిలేసిన భార్య తన సంపాదన తనకే ఉండేలా కోర్టు నుంచి రక్షణ పొందగలిగింది. పెళ్లయిన ప్రతి స్త్రీ సంపాదనా ఆమెదే అని 1870లో చట్టమైంది. ఆవిడ 1877లో పోయింది.

ఆడా మగా సమానమని ఆవిడ ఎప్పుడూ అనలేదు. అందుకే కొందరికి ఆవిడంటే చిన్నచూపు. కడుపున పుట్టిన బిడ్డను చూసుకోనివ్వండి, నా కష్టార్జితం నాకు ఉంచండి, ఇంతే అడిగింది. ఆ కాలంలో అదే పెద్ద గొంతెమ్మ కోరిక.

మన దేశంలోనూ హిందూ మైనర్ల సంరక్షణ చట్టంలో ఐదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని రాసుకున్నది 1956లో. ఎంతో కాలం కాలేదు చూడండి.