సాలు చెరిపేసిన ఇంజనీరు

మెల్ బార్తోలోమ్యూ సివిల్ ఇంజనీరు. సొంత సంస్థ నడిపి, నలభై దాటాక పని చాలించుకున్నాడు. 1970ల మధ్యలో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో కూరగాయలు పండించుకుంటూ హాయిగా గడుపుదామనుకున్నాడు. హాయి మాట దేవుడెరుగు, చాకిరీయే ఎక్కువైంది.

ఊరివాళ్లంతా కలిసి పెంచే తోటలో ఆయనా చెయ్యి వేశాడు. విత్తనాలు చల్లిన రోజుల్లో సంబరమే సంబరం. ఎండలు ముదిరేసరికి ఒక్కొక్కరే మొహం చాటేశారు. ఎటు చూసినా కలుపే. మరొకరైతే జనానికి ఓపిక లేదని తేల్చేసేవారు. ఇంజనీరు బుర్ర కదా, లోపం మనుషుల్లో కాదు, పద్ధతిలోనే ఉందేమోనని ఆయన అనుమానించాడు.

కలుపు ఎక్కువగా మొలిచేది సాలుకీ సాలుకీ మధ్య వదిలిన మూడడుగుల ఖాళీలో. పోసిన నీళ్లు, వేసిన ఎరువు అక్కడా పడుతున్నాయి. పైగా తొక్కి తొక్కి గట్టిపడ్డ ఆ నేలను మళ్లీ తవ్వుకోవాలి. అంత ఖాళీ దేనికని తెలిసినవాళ్లను అడిగాడు, వ్యవసాయ సలహాదారులనూ అడిగాడు. మొదట్నుంచీ అంతే అన్నారు. ఆ జవాబుకి ఆయన ఒప్పుకోలేదు. పొలంలోనంటే యంత్రాలకి దారి కావాలి; పెరట్లో చేత్తో పనిచేసేవాడికి ఎందుకు?

సాలులో మొక్కకీ మొక్కకీ ఎంత ఎడం ఉండాలో, నాలుగు వైపులా అంతే చాలు కదా! ఈ ఊహతో సాళ్లు చెరిపేసి, నేలను అడుగు గళ్లుగా విడగొట్టాడు. ఒక గడిలో క్యాబేజీ ఒకటి, పాలకూర తొమ్మిది, ముల్లంగి పదహారు. మడి వెడల్పు ఎంతన్నది మనిషి చెయ్యే తేల్చింది: రెండు వైపుల నుంచీ రెండేసి అడుగులు అందుతుంది కాబట్టి నాలుగడుగులు. ఇక లోపల కాలు పెట్టే పనే లేదు. గుంటకి రెండు మూడు గింజలే వేసి, మొలిచాక బలమైన మొక్కను ఉంచి మిగతావాటిని కత్తెరతో కత్తిరించేవాడు. పీకితే పక్క వేరు కదులుతుందని ఆ జాగ్రత్త. ఆకుకూరలను మడుల్లో వేసే మన రైతులకి ఇందులో సగం వింతేమీ కాదు. గళ్ల లెక్క మాత్రం ఆయనదే.

1981లో ‘స్క్వేర్ ఫుట్ గార్డెనింగ్’ పుస్తకం వచ్చింది, తర్వాత టీవీ కార్యక్రమమూ నడిచింది. అయినా ఒక చిక్కు మిగిలింది. ఉన్న నేలనే బాగుచేసుకోమన్నది ఆ పుస్తకం. బంకమట్టి, రాళ్లు ఉన్నవారికి అది ఏళ్ల చాకిరీ. చివరికి, ఆ నేలతో మనకేం పని అన్న చోటికి వచ్చాడాయన. 2006 నాటి కొత్త పుస్తకంలో తవ్వకమే లేదు: నేలమీద చెక్కపెట్టె పెట్టి, ఆరంగుళాల మేర మిశ్రమం నింపడమే. కంపోస్టు, తడిని పట్టి ఉంచే పీట్ మాస్, వర్మిక్యులైట్ సమపాళ్లలో. ఇంత సులువైన మాట దగ్గరికి రావడానికి పాతికేళ్లు పట్టింది.

ఆయన 2016లో పోయాడు, ఆ పెట్టెల పద్ధతి మాత్రం మిగిలింది. మిద్దె మీద పెట్టెలు పెట్టుకునే మనవాళ్లు పీట్ మాస్ కోసం వెతుక్కోనక్కర్లేదు, కొబ్బరి పొట్టు ఆ పని చేస్తుంది. మన ఎండలకి ఆరంగుళాల మిశ్రమం ఇట్టే ఆరిపోతుంది కాబట్టి వేసవిలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేలు గుచ్చి తడి చూసుకోండి. క్యారెట్ వేసే గడికి మాత్రం ఇంకాస్త లోతు కావాలి.