గ్రామసింహం

సింహాద్రిపురం నుంచి పులివెందుల దాకా బొచ్చున్న చిన్న కుక్క ఏది కనబడినా ‘షిట్జు’ అనేస్తున్నారు. అసలు పలుకు ‘షీజ’కు దగ్గర, ఇంగ్లీషు స్పెల్లింగులోని ‘ట’ మన నాలుకకు అంటుకుంది. చైనా భాషలో ఆ మాటకు అర్థం సింహం. కుక్క అనాలంటే చివర ‘గౌ’ చేర్చాలి. దారిలో కుక్క జారిపోయి సింహం ఒక్కటే మిగిలింది! చైనా అడవుల్లో సింహాలు లేవు. అక్కడి జనానికి వాటి రూపం బాగా దగ్గరైంది బౌద్ధంతో, మంజుశ్రీ వాహనంగా. ఆ బొమ్మల జూలును వాళ్లు ఈ కుక్క బొచ్చులో చూసుకున్నారు. మనవాళ్లు బొచ్చు లేకుండానే ఆ పని చేశారు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘గ్రామసింహం’ అంటే ఊరకుక్కే. పొగడ్త కాదు, ఎకసెక్కం. గౌరవమంతా ‘సారమేయం’లో ఉంది: ఇంద్రుడి కుక్క సరమ సంతానమని. వేటకుక్కకు చెప్పిన ‘జాగిలం’ ఇప్పుడు పోలీసు కొలువులో ఉంది. సింహం తెలుగు నోట ‘సింగం’ అయింది. పేరులోనే సింహమున్న ఊరికి ఈ చిట్టి సింగం కొత్తేమీ కాదు గానీ, దానిది చప్పిడి ముక్కు, కడప ఎండకు ఎగరొప్పుతుంది. ఏ పేరుతోనైనా పిలవండి, మిట్టమధ్యాహ్నం మటుకు బయట తిప్పొద్దు.